ఫ్యూజ్ ఆఫ్ కాల్

"ఖాతాదారుడి నంబరుకు ఓటీపీ వెళ్లింది సార్. చెప్పండి" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు.

ఖాతాదారుడు మా నాన్న. ఆయన మరణ ధ్రువపత్రం ఆ కుర్రాడి మోచేతి కిందే ఉంది. పెద్దకర్మ అయి నాలుగు రోజులైంది, నా గుండు మీద ఇంకా వెంట్రుక మొలవలేదు. అవన్నీ కుర్రాడికి కనిపిస్తూనే ఉన్నాయి పాపం. కంప్యూటర్‌కే కనిపించవు. తెర మీద ఆరు గళ్లు ఖాళీగా ఉన్నాయి, అవి నిండితే తప్ప తర్వాతి పేజీ రాదు. నా చొక్కా జేబులో నాన్న ఫోన్ గుర్రుమంది. తీసి అంకెలు చదివాను. "థాంక్యూ సార్" అన్నాడు. అలా పోయిన పదిహేనో రోజున మా నాన్న బ్యాంకు పనికి తన అంగీకారం తెలియజేశాడు.

ఇరవై అయిదేళ్లుగా నేను బతుకుతున్నది ఇలాంటి పేజీల మీదే. అవి రాశాను, రాసినవి ఆగిపోతే అర్ధరాత్రి లేచి నడిపించాను. సర్వర్ పోతే ఏం చేయాలో మా దగ్గర రన్‌బుక్ అని కాగితం ఉంటుంది. డిస్కు పోతే ఉంటుంది. డేటా సెంటర్ ఉన్న ఊరు ఊరంతా వరదలో మునిగినా ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో వరసగా రాసి ఉంటుంది. మనిషి పోతే ఏమిటన్న ప్రశ్న మాత్రం నేను కూర్చున్న ఏ రివ్యూ మీటింగ్‌లోనూ ఎవరూ వేయలేదు. నేనూ వేయలేదు.

నిచ్చెన ఏదిరా?

నాన్న లైన్‌మన్. 1972లో విద్యుత్ బోర్డులో చేరి, 2008లో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు. మధ్యలో 1999లో బోర్డు జెన్‌కోగా, ట్రాన్స్‌కోగా విడిపోయింది, ఆ మరుసటేడు డిస్కంలు వచ్చాయి. నాన్నకు మాత్రం చివరిదాకా అది 'బోర్డే'. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఆయన ఉద్యోగం రేపల్లె వైపు. పడిపోయిన స్తంభాలు లెక్కపెట్టుకుంటూ నడిచిన రోజుల గురించి అడిగితే స్తంభాల గురించే చెప్పేవాడు. ఆ దారిలో ఇంకేం చూశాడో ఎన్నడూ చెప్పలేదు.

కరెంటు పోతే ఇప్పుడు 1912కి ఫోన్ చేస్తున్నాం. మా చిన్నతనంలో ఫ్యూజ్ ఆఫ్ కాల్ ఆఫీసుకు వెళ్లేవారు. ఒక బల్ల, ఒక రిజిస్టరు, దారం కట్టిన పెన్ను. పేరు, వీధి, వచ్చిన టైము రాయాలి. పని అయ్యాక బాగుచేసిన టైము రాసి సంతకం పెట్టాలి. ఆఫీసు దూరమనుకున్నవాళ్లు నేరుగా మా ఇంటికే వచ్చేవాళ్లు. మా ఇంట్లో రాత్రిపూట తలుపు తట్టినవాడు చుట్టం కాదు, కరెంటు పోయినవాడు. అమ్మ లేచి టార్చి, ప్లయరు, రబ్బరు తొడుగులు ఉన్న సంచీ అందించేది. నాన్న సైకిలెక్కేవాడు.

1999 వేసవిలో నేను అమీర్‌పేటలో దిగాను. మైత్రీవనం చుట్టుపక్కల కరపత్రాలు పంచేవాళ్ల చేతుల్లోంచి తప్పించుకుంటూ నడవాల్సిన రోజులు. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే 1900 అనుకుంటాయన్న భయం ఒకటి ప్రపంచమంతా ఉండేది. ఆ భయం మీదే, ఆ ప్రోగ్రాములు రాసిన కోబాల్ భాష కోర్సులు బతికేవి. నేను కోబాల్ నేర్చుకునేసరికి భయం అయిపోవచ్చింది. చివరికి ప్రొడక్షన్ సపోర్ట్‌లో పడ్డాను. టీమ్ మొత్తానికి ఒకటే డ్యూటీ సెల్‌ఫోన్, ఎవరి వారం వస్తే వాళ్లు ఇంటికి పట్టుకెళ్లాలి. అమెరికాలో ఏదో ఆగితే ఇక్కడ అది మోగుతుంది.

సంక్రాంతికి వెళ్లినప్పుడు నాన్న అడిగాడు, పని ఏమిట్రా అని. రాత్రిళ్లు మెషిన్ ఆగితే లేచి చూడాలని చెప్పాను.

"అంటే ఫ్యూజ్ ఆఫ్ కాలే గదా" అన్నాడు. కాసేపు ఆలోచించి, "మరి నిచ్చెన ఏదిరా?" అన్నాడు.

లైన్ క్లియర్

మా రంగంలో ఆరితేరినవాళ్ల దగ్గర చాలా నేర్చుకున్నాను. అందరికంటే ముందు నేర్పింది మాత్రం ఎన్నడూ కంప్యూటర్ ముట్టని మనిషి. నాన్న నేర్పినదాని పేరు ఎల్‌సీ, లైన్ క్లియర్.

పదకొండు కేవీ లైను మీద పనిచేయాలంటే సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర ఎల్‌సీ తీసుకోవాలి. ఏ ఫీడరు, ఎన్ని గంటలకు, ఎవరి పేరు మీద అన్నది లాగ్‌బుక్కులో ఎక్కుతుంది. అక్కడ బ్రేకర్ ఆపుతారు, 'మనుషులు పనిచేస్తున్నారు' అని బోర్డు తగిలిస్తారు. అయినా లైన్‌మన్ ఆ మాట నమ్మి స్తంభమెక్కడు. తానున్న చోట లైనును విడగొట్టే ఏబీ స్విచ్ తెరుస్తాడు. పనిచేసే చోటుకు అటూ ఇటూ ఎర్త్ రాడ్లు వేస్తాడు. అప్పుడు ఎక్కుతాడు. పనయ్యాక మనుషులందరూ దిగారో లేదో తల లెక్క చూసుకుని, రాడ్లు తీసి, ఎల్‌సీ తిరిగిస్తాడు. తీసుకున్నవాడే తిరిగివ్వాలి. వాడి సొంత తమ్ముడు వచ్చి ఇచ్చినా చెల్లదు. ఈ ఒక్క కట్టుబాటు తప్పినచోట ఏమవుతుందో జిల్లా పేజీల్లో చిన్న వార్తలుగా మీరు చదివే ఉంటారు.

మేం దీన్నే చేంజ్ రిక్వెస్ట్ అంటాం. ఎవరు, ఎప్పుడు, ఏం మారుస్తారు, చెడితే వెనక్కి ఎలా వస్తారు అన్నవి రాసి, ఒకరి చేత సంతకం పెట్టించాలి. శుక్రవారం సాయంత్రం కొత్తది ఏదీ ఎక్కించకూడదు. అమెరికా తూర్పు తీరంలో శనివారం అర్ధరాత్రి దాటాక, అంటే మనకు ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు పని మొదలు. చలికాలంలో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకుంటారు గనక పదిన్నరకు. మీరు ఆదివారం అనుబంధం చదువుకునే వేళకు హైదరాబాద్‌లో కొన్ని వేలమంది గుడ్లు మిటకరించి తెర చూస్తుంటారు.

2024 జులై 19, శుక్రవారం. సెలవు మీద తెనాలిలో అమ్మానాన్నల దగ్గర ఉన్నాను. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న అప్‌డేట్ మన టైము ప్రకారం ఉదయం 9:39కి బయల్దేరింది. 78 నిమిషాల్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈలోపే దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో కూలబడ్డాయి. ఒక ప్రోగ్రాము 21 విలువల కోసం చూస్తే, అందినవి 20. అంతే తేడా. శంషాబాద్‌లో విమానం ఎక్కబోయేవారికి చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. మా సర్వర్లు లినక్స్ మీద ఉండబట్టి మా టీమ్‌కు పెద్దగా దెబ్బ తగల్లేదు. టీవీ చూస్తూ నాన్నకు ఈ సంగతంతా వివరించాను.

"అన్ని ఫీడర్లూ ఒక్కసారే చార్జ్ చేశారా?" అన్నాడు.

"అవును."

"ఎవరైనా అట్లా చేస్తారట్రా? ఒకటి వేసి చూసుకోవాలి, నిలబడితే రెండోది వేయాలి."

ఆ తర్వాత కొన్ని వారాలు ప్రపంచంలోని నిపుణులంతా రాసింది ఇదే. ఇకమీదట విడతలవారీగా పంపుతామని ఆ సంస్థ కూడా చెప్పుకుంది.

ఇంకోసారి మా సర్వర్ ఒకటి లేచిన రెండు నిమిషాలకే మళ్లీ పడిపోతోంది. ఎన్నిసార్లు లేపినా అంతే. ఫోన్‌లో మాటల మధ్య ఆ విసుగు నాన్న దగ్గర వెళ్లగక్కాను. ఆయన ఆటో స్టార్టర్ల గురించి చెప్పాడు. వ్యవసాయ మోటార్లకు కరెంటు వంతులవారీగా వచ్చేది. రాత్రి వంతు వస్తే రైతు బ్యాటరీలైటు పట్టుకుని, పాము పుట్ర చూసుకుంటూ పొలానికి వెళ్లి స్విచ్ వేయాలి. ఆ బాధ పడలేక ఆటో స్టార్టర్ బిగించుకున్నారు. ఇక కరెంటు రాగానే ఫీడరు మీదున్న మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేస్తాయి. ఆ బరువుకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. చేత్తో వేసే రోజుల్లో ఒకడు ముందు వెళ్లేవాడు, ఒకడు చుట్ట కాల్చుకుని వెళ్లేవాడు, ఇంకొకడు నిద్రపోయేవాడు. ఆ ఎడమే ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడేది. మా సర్వర్‌కు జరుగుతున్నదీ అదే. పడిందని తెలిసిన యంత్రాలన్నీ అది లేవగానే ఒక్కసారి మీద పడుతున్నాయి. వాటిలో ఒక్కొక్కటి ఒక్కో లెక్కన కాసేపు ఆగి అడిగేలా మార్చాం. ఆ మార్పు కింద వివరంలో ఇంగ్లిష్‌లో ఏదేదో రాశానుగానీ, మనసులో దాని పేరు చుట్ట కాల్చుకునే రైతు.

మజ్జిగ గ్లాసు

ఆఫీసు అయ్యాక ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కు గురించి ఈమధ్య మాట వినబడుతోంది. ఫ్రాన్స్‌లో 2017 నుంచి చట్టం ఉంది, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి. మన లోక్‌సభలో 2018 చివర్లో ఎంపీ సుప్రియా సూలే ఒక ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టారు. మంచిదే. రాత్రి పదకొండింటికి 'ఒక్క చిన్న సందేహం' అని మెసేజ్ పెట్టే మేనేజర్లకు అలాంటిది ఒకటి ఉండాల్సిందే.

నన్ను తొలిచేది మాత్రం నిద్ర కాదు. నాన్న నాకంటే తక్కువ నిద్రపోయాడు. ఆయన ఫ్యూజ్ వేసి దిగేసరికి ఎదురుగా ఇల్లు వెలిగేది. ఫ్యాను తిరిగేది, పసిపిల్ల ఏడుపు మానేది, ఎవరో ఒకరు మజ్జిగ గ్లాసు అందించేవాళ్లు. నేను రాత్రి రెండింటికి లేచి చేసిన పనికి అవతల ఎవరి ఇల్లు వెలిగిందో నాకు ఎప్పటికీ తెలియదు. బ్రిడ్జి కాల్‌లో పాతికమంది ఉంటారు, మాట్లాడేది ముగ్గురు. అయిపోయాక ఫిర్యాదు టికెట్ రంగు ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారుతుంది. అదే మా మజ్జిగ.

ఇప్పుడు ఆ టికెట్లో కారణాలు రాసే పని ఏఐ చేసిపెడుతోంది. కోడ్ కూడా రాస్తోంది, చాలామంది జూనియర్ల కంటే శుభ్రంగా. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి మా క్యాంటీన్‌లో వేరే మాట లేదు: ఎవరి ఉద్యోగం ఉంటుంది, ఎవరిది పోతుంది. నా అనుమానం వేరే. ఎల్‌సీ ఎవరి పేరు మీద? ఏఐ రాసిన మార్పును ఎక్కించాక లైను మీద మనిషి ఉంటే, లాగ్‌బుక్కులో ఏ పేరు చూడాలి? ప్రస్తుతానికి నా పేరే రాస్తున్నారు.

ఖాళీ పేజీలు

నాన్న పోయాక ఇనప్పెట్టె తెరిచాం. ఏటా ఆఫీసులో ఇచ్చే డైరీలు వరసగా కట్టగట్టి ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యాలు, స్తంభాల నంబర్లు, ఏ ఊళ్లో ఏ వీధికి ఏ ఫేజు అన్నీ ఉన్నాయి. రిటైరయ్యాక డైరీలు కొనుక్కుని మరీ రాశాడు. వెనక పేజీల్లో ఇంటి సంగతులు: ఎల్ఐసీ పాలసీ నంబర్లు, డిపాజిట్ల గడువు తేదీలు, గ్యాస్ కన్స్యూమర్ నంబరు, నీళ్ల మోటారు ఎక్కడ కొన్నదీ, ఎవరికి ఎంత ఇచ్చిందీ, ఎవరు తిరిగిచ్చిందీ. పేజీ మీద పడిన పెన్ను మరకను బట్టి కూడా ఆయన ఎప్పుడు తొందరలో ఉన్నాడో నాకు తెలుస్తోంది. పాతికేళ్లలో ఇంత మంచి రన్‌బుక్ మా ఆఫీసులో చూడలేదు.

2017 డైరీలో జూన్ దాకా రాశాడు. తర్వాత పేజీలు ఖాళీ. మరుసటేడు డైరీయే లేదు.

2017 జూన్‌లో ఆయనకు స్మార్ట్‌ఫోన్ కొనిచ్చింది నేనే. "ఇవన్నీ ఇంక రాయక్కర్లేదు నాన్నా, అన్నీ ఫోన్‌లోనే ఉంటాయి" అన్నదీ నేనే.

అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి. ఫోన్ తెరిచే నాలుగంకెలు ఎవరికీ తెలియవు. అమ్మ పుట్టినరోజు కాదు, పెళ్లిరోజు కాదు, నా పుట్టినరోజూ కాదు. మూడో రోజు రాత్రి ఆయన సర్వీసు నంబరు చివరి నాలుగంకెలు కొడితే తెరుచుకుంది.

ఫోన్ తెరుచుకున్నాక తెలిసింది అసలు చిక్కు. బ్యాంకు, ఆధార్, గ్యాస్, డీటీహెచ్, కరెంటు బిల్లు అన్నీ ఆ ఒక్క నంబరుకే ముడిపడి ఉన్నాయి. మా భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. ఒక్క మేకుకే ఇల్లంతా వేలాడదీయడం. సర్వర్ల విషయంలో ఆ పని చేసినవాడికి మేం చీవాట్లు పెడతాం. సిమ్ వదిలేద్దామా అంటే, 90 రోజులు ఏ వాడకమూ లేని నంబరును కంపెనీ ఆపేయవచ్చు. అలా ఆపిన నంబరును మరో 90 రోజుల వరకు ఇంకొకరికి ఇవ్వరని 2023లో ట్రాయ్ సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తర్వాత ఇవ్వొచ్చు. అప్పటికి మనం ఎక్కడో ఒకచోట మార్చడం మరిచిపోతే, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి నాన్న ఓటీపీలు వెళతాయి. అందుకని నెలనెలా రీఛార్జి చేయిస్తున్నాం.

పింఛనుదారు బతికే ఉన్నానని యంత్రానికి చెప్పుకోవడానికి 2014 నుంచి జీవన్ ప్రమాణ్ ఉంది. ఏటా నవంబరులో నాన్న వేలిముద్ర వేసి వచ్చేవాడు. ముద్ర పడక రెండుమూడుసార్లు తిరిగిన ఏడూ ఉంది, జీవితమంతా తీగలు లాగిన వేళ్లు కదా. పోయాడని ఒకచోట చెబితే అన్నిచోట్లకూ తెలిసే ఏర్పాటు మాత్రం నాకు దొరకలేదు. ఒక్కో కౌంటర్ దగ్గరా మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ప్రతిచోటా ఆయన మళ్లీ పోవాలి.

ఇళ్లలో జరుగుతున్నది ఏమిటో నాకు తెలుసు, నలుగురిని అడిగాను. పిన్ తెలిస్తే పిల్లలు చప్పుడు చేయకుండా డబ్బు మార్చేసుకుంటారు. అది తప్పు. బ్యాంకుకు తెలిస్తే చిక్కు, అన్నదమ్ములకు తెలిస్తే ఇంకా చిక్కు. పిన్ తెలియకపోతే ఊరుకుంటారు. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు దగ్గరి నిధికి చేరతాయి. వాటిని వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అని ఒక పోర్టల్ పెట్టారంటే, మరిచిపోయినవాళ్లు ఎంతమంది ఉంటారో ఊహించుకోవచ్చు.

దారులు బొత్తిగా లేవని కాదు. ఫలానా కాలం పాటు నేను కనబడకపోతే నా ఖాతా ఫలానావారికి తెలియజేయమని గూగుల్‌కు చెప్పుకునే వీలు 2013 నుంచి ఉంది. ఆపిల్‌లో వారసుల పేరు రాసే ఏర్పాటు 2021 చివర్లో వచ్చింది. 2023 నాటి మన డేటా రక్షణ చట్టంలో కూడా నామినీని పెట్టుకునే హక్కు రాసి ఉంది. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. చివరిది తప్ప ఇవన్నీ అప్పటికే తెలిసిన నేను ఇందులో ఎన్ని చేశాను? నాన్న పోయేనాటికి, ఒక్కటీ లేదు.

ఒక పిట్టకథ. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను ఒక తెలుగు అక్షరం పడగొట్టింది. 'జ్ఞా' అని రాసేటప్పుడు మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి ఇరుక్కుంటే, ఆ మెసేజ్ వచ్చిన యాప్ కుప్పకూలేది. కొద్ది రోజుల్లో ఆపిల్ సరిచేసింది. మన అక్షరానికి ఎంత బలముందో అని మా ఫ్లోర్‌లో అందరం నవ్వుకున్నాం, నేను మీసం కూడా మెలేశాను. జ్ఞాపకం అనే మాట మొదలయ్యేది ఆ అక్షరంతోనే అని ఈమధ్యే తట్టింది.

ఆఫీసులో ఎవరైనా మానేస్తుంటే చివరి రెండు వారాలూ కేటీ ఇప్పిస్తాం. తెలిసిందంతా తర్వాతివాడికి అప్పజెప్పి వెళ్లాలి. నాన్న ఫోన్‌తో నా పాట్లన్నీ చూసిన నా భార్య ఒకరోజు కూరగాయలు తరుగుతూ అడిగింది, "నాకు కేటీ ఎప్పుడిస్తారు?" అని. ఆమె బడి పంతులమ్మ, మా మాటలు ఎగతాళికే వాడుతుంది. నవ్వాను. ఆ రాత్రే కూర్చుని లెక్కవేస్తే నా పాస్‌వర్డులు నూట పన్నెండు తేలాయి. ఇంటి రుణం ఏ తేదీన కడతామో ఆమెకు తెలియదు. పాపకు ఏ టీకా ఎప్పుడు వేయించామో నాకు తెలియదు. మర్నాడు లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాం. ఎడమవైపు పేజీలు నావి, కుడివైపువి ఆమెవి. పాస్‌వర్డులు రాయడం లేదు, ఎక్కడ ఏముందో, ఎవరిని అడగాలో రాస్తున్నాం. ఇప్పటికి తొమ్మిది పేజీలయ్యాయి. నా చేతిరాత నాకే చదవరావడం లేదు.

మొన్న కార్తీకంలో తెనాలి వెళ్లాను. ఆ వారం ఆన్‌కాల్ నాదే. బయట ముసురు. రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగితే నాదేననుకుని ఉలిక్కిపడి లేచాను. నాది కాదు. ఫ్రిజ్ పక్కన చార్జింగ్‌లో ఉన్న నాన్న ఫోన్. తెర మీద 'చెరువుకట్ట మోటారు' అని ఉంది. నాన్న మనుషుల పేర్లు రాసుకోలేదు, వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్ల పేర్లే రాసుకున్నాడు. నేను అందుకునేలోపే అమ్మ తీసింది.

అవతలి మనిషి గొంతు నాకూ వినబడుతోంది. కరెంటు పోయిందట, లైను మీద కొమ్మ పడినట్టుందట, నాన్నగారిని ఒకసారి పిలవమంటున్నాడు. రిటైరయ్యి పదహారేళ్లు దాటాక కూడా ఆ ఊరికి లైన్‌మన్ ఆయనే.

"ఆయన లేరు నాయనా. శ్రావణంలో పోయారు" అంది అమ్మ.

అవతల చాలాసేపు మాట లేదు. "మాకెవరూ చెప్పలేదమ్మా" అన్నాడు చివరికి.

"1912కి చెయ్యి. వాళ్లొచ్చేదాకా ఏబీ స్విచ్ జోలికి వెళ్లబాకండి, వానలో. కొమ్మను కర్రతో కూడా తీయబాకండి." అమ్మ ఒక్క క్షణం ఆగింది. "కరెంటొచ్చాక ఒకసారి చెప్పు."

అమ్మ పడుకోలేదు. నేనూ నా ఫోన్ చూసుకుంటున్నట్టు కూర్చున్నాను. నాది ఆ రాత్రి మోగలేదు. రెండు కావస్తుండగా నాన్నది మోగింది.

"వచ్చిందమ్మా."

"సరే నాయనా" అని అమ్మ ఫోన్ మళ్లీ చార్జింగ్‌కి పెట్టింది.